రొయ్యల దద్దుర్లకీ కడుపులో నులిపురుగులకీ లంకె ఉందా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. మీ బాబుకి ఆరేళ్ళు. రెండుసార్లు రొయ్యల ఇగురు తిన్న పావుగంటలోనే పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి. రక్తపరీక్షలో టోటల్ ఐజీఈ 2,100 వచ్చింది. రొయ్యలతో పాటు పల్లీలు, గోధుమ, శనగపప్పు, వంకాయ, ఇలా పదకొండింటికి పాజిటివ్ అని రాశారు. మీ అత్తగారేమో "కడుపులో పాములుంటే ఇలాగే దద్దుర్లొస్తాయి, మందేస్తే అన్నీ పోతాయి" అంటున్నారు. మీ వారేమో బడిలో ఏటా నులిపురుగుల బిళ్ళ వేయబట్టే ఎలర్జీ పట్టుకుందని ఎక్కడో చదివి, ఇక వేయించొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

అమ్మా, మీ అత్తగారి మాటలో సగం నిజముంది. మీ వారు చదివినదాంట్లోనూ సగం నిజముంది. రెండు సగాలూ కలిపినా మీ బాబు సంగతి మాత్రం తేలదు. నేను కాకినాడలో ముప్ఫై ఏళ్ళుగా పిల్లల డాక్టర్ని. అందులో సగానికి పైగా కాలం ఎలర్జీ కేసులతోనే గడిచింది. ఇలాంటి ఫైలు పట్టుకుని వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తుంటారు.

మీ టెన్షన్ తగ్గడానికి మూడు మాటలు ముందే చెప్పేస్తాను. రొయ్యలూ పీతలూ ఈ రోజు నుంచే పూర్తిగా ఆపండి. మిగతా పదింటిలో బాబు ఇన్నాళ్ళూ తింటూ ఏమీ కానివి ఏవైనా ఉంటే వాటిని ఆపకండి. నులిపురుగుల బిళ్ళ మానిపించకండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఐజీఈ అనేది మన రక్తంలో ఉండే యాంటీబాడీల్లో అన్నిటికంటే తక్కువ మోతాదులో ఉండేది. ఎంత తక్కువంటే 1960ల మధ్యదాకా అదొకటి ఉందనే ఎవరికీ తెలియదు. అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్ళ రక్తంలో దాన్ని పట్టుకున్నారు. ఇంచుమించు అదే సమయంలో స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ అనే ఇద్దరు మరో దారిలో దాన్నే పట్టుకున్నారు. 1968లో దానికి పేరు ఖాయమైంది. ఎలర్జీ వెంట వెతుకుతుంటే దొరికింది కాబట్టి "ఎలర్జీ యాంటీబాడీ" అన్న ముద్ర పడిపోయింది.

కానీ ఆలోచించండి. పల్లీల మీద, రొయ్యల మీద యుద్ధం చేయడానికి ఒంట్లో ఒక ఆయుధం ఎందుకు పుడుతుంది? అది పుట్టింది పురుగుల కోసమని ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకునే మాట. తేళ్ళూ కందిరీగల విషాల మీద కూడా పనికొస్తుందని కొందరంటారు, అది వేరే చర్చ. బాక్టీరియా వస్తే తెల్లరక్తకణం మింగేస్తుంది. ఏలికపాము జానెడు నుంచి జానెడున్నర పొడవుంటుంది. దాన్ని ఏ కణం మింగుతుంది? మింగలేనప్పుడు మిగిలిన దారి ఒక్కటే, గెంటెయ్యడం. పేగులో జిగురు ఊరించాలి, పేగును మెలిపెట్టి తిప్పాలి, వాంతి చేయించాలి, విరేచనం పట్టించాలి, దగ్గించాలి, తుమ్మించాలి, చర్మంలో ఉంటే దురద పుట్టించి గోకించాలి. ఇప్పుడు తిండి ఎలర్జీ లక్షణాల జాబితా చదవండి. అక్షరం తేడా లేకుండా ఇదే.

కాబట్టి ఐజీఈ పెరిగిందంటే ఒంట్లో ఆ ఆయుధం తయారవుతోందని మాత్రమే అర్థం. ఎవరి మీదికి తయారైందో ఆ అంకె చెప్పదు. ల్యాబ్ కాగితం మీద వందో రెండొందలో దాటకూడదని రాసి ఉంటుంది. మట్టిలో ఆడే పిల్లలకి, ఒక్కసారైనా ఏలికపాములు పడ్డ పిల్లలకి వేలల్లో రావడం నేను రోజూ చూసేదే. 2,100 చూసి మీరు రాత్రంతా నిద్రపోలేదని రాశారు. ఆ అంకె గురించి అంత బెంగ అక్కర్లేదు.

అయితే ఆ పదకొండు పాజిటివ్‌ల మాటేమిటి, అవి టోటల్ కాదు, పల్లీకి వేరే, వంకాయకి వేరే కదా అంటారు. అక్కడే అసలు తిరకాసు ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఒకామె తొమ్మిదేళ్ళ కొడుకుని తీసుకుని నా దగ్గరికి వచ్చింది. నాలుగు పేజీల రిపోర్టు. పల్లీలకి గ్రేడ్ త్రీ అని ఎర్ర అక్షరాల్లో అచ్చు. "ఏడాదిగా ఇంట్లో పల్లీల పచ్చడి మానేశామండీ, చట్నీలో కూడా వెయ్యట్లేదు" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నేను రిపోర్టు తిరగేస్తుంటే పక్కన ఏదో కటకటమని చప్పుడు. చూస్తే వాడు జేబులోంచి పల్లీ పట్టీ తీసి నములుతున్నాడు. బడి ముందు బండి మీద రోజూ కొనుక్కుంటాడట. ఆ తల్లి మొహం చూడాలి! వాడి పెదవి వాచలేదు, ఒక్క దద్దురు లేదు. మలం పరీక్ష చేయిస్తే ఏలికపాము గుడ్లూ కొంకిపురుగు గుడ్లూ రెండూ కనిపించాయి. మందిచ్చాం. పల్లీ పచ్చడి ఆ సాయంత్రమే మళ్ళీ మొదలైంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆఫ్రికాలోని ఘనా బడిపిల్లల మీద జరిగిన అధ్యయనంలో బాగా తేలింది. 2013లో అచ్చయింది. అక్కడి పిల్లల్లో చాలామందికి రక్తంలో పల్లీల ఐజీఈ ఉంది. చర్మం మీద పల్లీ రసం చుక్క వేసి గుచ్చితే మాత్రం చాలామందికి ఏమీ కాలేదు. పల్లీలు తింటూ హాయిగా ఉన్నారు. ఆ ఐజీఈ ఎవరికి ఎక్కువగా ఉందని చూస్తే, చెరువు నీళ్ళ ద్వారా ఒంట్లోకి చేరే షిస్టోసోమా అనే పురుగు ఉన్నవాళ్ళకి. పురుగు ఒంటి మీదా, మొక్కల ప్రోటీన్ల మీదా ఒకే రకం చక్కెర గొలుసులు ఉంటాయి. పురుగు మీదికని తయారైన యాంటీబాడీ ల్యాబ్‌లో పల్లీ చక్కెరకి అతుక్కుంటుంది, మెషీన్ పాజిటివ్ అని చూపిస్తుంది. నిజంగా పల్లీ తిన్నప్పుడు ఆ అతుకు దద్దుర్లు లేపేంత బలంగా పనిచేయదు. మీ రిపోర్టులో గోధుమ, శనగపప్పు, వంకాయ, పల్లీ, అన్నీ మొక్కల నుంచి వచ్చినవే కావడం చూడండి. నాకు అక్కడే అనుమానం తగిలింది.

మన దక్షిణాది లెక్క కూడా ఇలాగే ఉంది. బెంగళూరు, మైసూరు ప్రాంతంలో పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఏదో ఒక తిండికి రక్తంలో ఐజీఈ ఉన్నవాళ్ళు నూటికి 26.5 మంది. దానికి తోడు లక్షణాలు కూడా ఉండి, తిండి ఎలర్జీ కావచ్చు అనదగ్గవాళ్ళు 1.2 శాతమే. ఇంత తేడాకి పురుగులొక్కటే కారణమని నేననను. దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులు, బొద్దింకలు, పుప్పొడి, అన్నీ కలిసి ఈ రిపోర్టుల్ని పాడుచేస్తాయి. కానీ ఆ తేడా తెలియకుండా తొంభై రకాల ప్యానెల్ చేయించి, కాగితం చూసి పిల్లల కంచంలోంచి పదార్థాలు తీసేస్తూ పోతే, ఎలర్జీ కంటే ముందు బలహీనత వస్తుంది. ఈ ప్యాకేజీ టెస్టులంటే నాకు ఒళ్ళు మంట, దాచుకోను.

ఇక మీ అత్తగారి సగం. పురుగుల వల్ల దద్దుర్లు వస్తాయా? వస్తాయి. ఏలికపాము గుడ్డు మట్టిచేతుల ద్వారా కడుపులోకి పోతే, పిల్ల పురుగు పేగు గోడ తొలుచుకుని కాలేయానికీ అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకీ వెళ్తుంది. దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగితే మళ్ళీ పేగులోకి దిగి పెద్దదవుతుంది. ఆ ప్రయాణంలో పొడి దగ్గు, పిల్లికూతలు, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు. కుక్కల పేగుల్లో ఉండే టాక్సోకారా పురుగు పిల్లల ఒంట్లో పడితే పెద్దదవ్వలేక దారితప్పి తిరుగుతుంది, ఐజీఈనీ, ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లరక్తకణాల్నీ విపరీతంగా పెంచుతుంది. "ఈస్నోఫిల్స్ పెరిగాయన్నారండీ" అనే మాట మన ఇళ్ళలో ఊరికే వాడుకలోకి రాలేదు. క్షయ అనుకుని చేరినవాళ్ళలో కొందరికి అసలు క్షయ లేదనీ, ఈసినోఫిల్స్ పెరిగాయనీ 1940లో మొదట వివరించి రాసింది మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంలో పనిచేసిన ఫ్రిమోట్ మోలర్, బార్టన్. దానికి మూలం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే అని తర్వాత తేలింది.

అయితే పురుగు దద్దుర్లకీ తిండి దద్దుర్లకీ ఒక తేడా ఉంది, మీ అత్తగారికి అదే చెప్పండి. పురుగు దద్దుర్లు వేళాపాళా లేకుండా వస్తాయి. ఇవాళ పప్పన్నం తిన్నాక, రేపు పడుకున్నాక, ఎల్లుండి ఏమీ తినకుండానే. మీ బాబుకి రెండుసార్లూ రొయ్యలే, రెండుసార్లూ పావుగంటే. పురుగు గడియారం చూసుకుని, కూర చూసుకుని దద్దుర్లు లేపదు. బిళ్ళ వేయండి, కానీ బిళ్ళ వేశాం కదా అని రొయ్యలు పెట్టి చూడకండి. అలా "పెట్టి చూసి" రాత్రి పదకొండింటికి ఊపిరాడక వచ్చిన పిల్లల్ని చూశాను.

రొయ్యల విషయంలో ఇంకో మెలిక ఉంది. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. రొయ్యల ఎలర్జీకి ముఖ్య కారణం అదే, ఉడికించినా చెడదు. అదే కుటుంబపు ప్రోటీన్ పీతలో, బొద్దింకలో, పరుపుల దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగుల్లో, ఏలికపాములో కూడా ఉంది. అందుకే ఏలికపాములు పడ్డ పిల్లలకి రొయ్య పాజిటివ్ రావచ్చు. మీ బాబుకి లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి దాన్ని ఉత్త కాగితం పాజిటివ్ అని తోసెయ్యలేను. ఇదే పాజిటివ్ రొయ్యల వేపుడు లాగించేసే పిల్లాడికి వచ్చుంటే పక్కన పెట్టేసేవాణ్ణి.

వంకాయ గురించి ఒక్క ప్రశ్న. మీరు వంకాయ కూరలో ఎండు రొయ్యలు వేస్తారా? గోదావరి జిల్లాల వాళ్ళైతే వేసే ఉంటారు. వంకాయ తింటే పెదవి దురద పెట్టిందని చెప్పిన ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి తేలింది ఎండు రొయ్యలే. గోంగూరలో వేసినా, పొడి కొట్టి చల్లినా అంతే. పొయ్యి మీద రొయ్యలు ఉడుకుతుంటే ఆ ఆవిరికే కళ్ళు వాచే పిల్లలు కూడా ఉంటారు, అది గమనించి చెప్పండి.

ఇక మీ వారి సగం. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 17,414 మంది పిల్లల వివరాలు చూసి, ఇంట్లో అన్నలూ అక్కలూ ఎక్కువున్న పిల్లలకి పుప్పొడి ఎలర్జీ తక్కువగా ఉందని రాశాడు. చిన్నప్పుడు అంటురోగాలు తగిలితే ఎలర్జీ తగ్గుతుందన్న వాదన అక్కడ ఊపందుకుంది. పురుగుల సంగతి దాని తర్వాత వచ్చింది. పేగులో ఏళ్ళ తరబడి ఉండదలచుకున్న పురుగు మన రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతూ ఉండలేదు. అద్దె కట్టని అద్దెదారు ఓనర్‌కి రోజూ నచ్చజెప్పుకున్నట్టు, అది మన ఒంట్లో శాంతపరిచే కణాల్ని పెంచుతుంది, ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేతాన్ని ఊరిస్తుంది. ఆ శాంతం పురుగుకే కాకుండా పక్కనున్న దుమ్ముకీ తిండికీ కూడా వర్తిస్తుందని ఊహ. 2000లో ఆఫ్రికాలోని గాబన్ బడిపిల్లల్లో, షిస్టోసోమా ఉన్నవాళ్ళ చర్మం దుమ్ము పురుగు చుక్కకి తక్కువగా స్పందించిందని తేలింది. 2004లో అదే దేశంలో పిల్లలకి పదేపదే పురుగుల మందిస్తే ఆ స్పందన పెరిగింది. ఎలుకల్లో పేగు పురుగు ఎక్కిస్తే పల్లీ ఎలర్జీ రాకుండా ఆగిందని 2002లో ఒక పరిశోధన వచ్చింది. మీ వారు చదివింది బహుశా ఈ వరస.

దీనికి రెండో వైపు ఆ వ్యాసంలో ఉండి ఉండదు. ఈక్వడార్‌లో బడిపిల్లలకి ఏడాదిపాటు ఆల్బెండజోల్ (బడిలో వేసే నులిపురుగుల బిళ్ళ మందు ఇదే) ఇచ్చి, ఇవ్వనివాళ్ళతో పోల్చి చూశారు, 2006లో వచ్చింది. ఎలర్జీ పెరగలేదు. వియత్నాంలో మందిచ్చాక చర్మపరీక్ష పాజిటివ్‌లు కాస్త పెరిగాయి, ఉబ్బసం మాత్రం పెరగలేదు. ఉగాండాలోని ఎంటెబెలో గర్భిణులకి ఆల్బెండజోల్ ఇస్తే పుట్టిన పిల్లల్లో ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు, కొంత ఎక్కువ కనిపించింది. ఇది నేను కొట్టిపారేయను, కానీ అది కడుపులో ఉన్న బిడ్డ సంగతి, ఆరేళ్ళ పిల్లాడిది కాదు. పైగా అన్ని పురుగులూ ఒకటి కాదు. చాలా అధ్యయనాలు కలిపి 2006లో లెక్క కడితే కొంకిపురుగు ఉన్నవాళ్ళకి ఉబ్బసం తక్కువ, ఏలికపాము ఉన్నవాళ్ళకి ఎక్కువ అని తేలింది. మన పిల్లల్లో తరచూ కనిపించేది ఏలికపామే. ఇంకొకటి, ఈ పరిశోధనల్లో చాలా భాగం దుమ్ము, ఉబ్బసం, ఎగ్జిమా మీద జరిగినవి. తిండి ఎలర్జీని నేరుగా చూసినవి తక్కువ.

పురుగుల్నే మందుగా వాడదామని కూడా చూశారు. డెన్మార్క్‌లో పుప్పొడి ఎలర్జీ ఉన్న వందమందిలో సగం మందికి పంది కొరడాపురుగు గుడ్లు మూడు వారాలకోసారి 2,500 చొప్పున తాగించారు. ఫలితం సున్నా. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉబ్బసం ఉన్నవాళ్ళ చర్మం మీద పది కొంకిపురుగు పిల్లల్ని వదిలారు. చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. రెండూ 2010లోనే అచ్చయ్యాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పురుగు గుడ్లు అమ్మేవాళ్ళు తయారయ్యారు. దయచేసి ఆ జోలికి పోకండి.

బిళ్ళ మానిస్తే పోయేదేమిటో కూడా మీ వారికి చెప్పండి. కొంకిపురుగుల్లో ఒక జాతి ఒక్కొక్కటీ రోజుకి 0.15 మిల్లీలీటర్ల దాకా రక్తం పోగొడుతుంది. వంద పురుగులుంటే రోజుకి మూడు టీస్పూన్లు. అన్నం తిన్నా పాలిపోయి, తరగతిలో తూగే పిల్లలు ఇలాగే తయారవుతారు. 2015 నుంచి ఫిబ్రవరి 10న, చాలాచోట్ల ఆగస్టు 10న కూడా, బడుల్లో అంగన్‌వాడీల్లో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ నమిలిస్తున్నది అందుకే. ఏడాది నిండి రెండేళ్ళలోపు ఉన్నవాళ్ళకి సగం బిళ్ళ. ఎలర్జీ వస్తుందేమోనన్న ఊహ కోసం దాన్ని వదులుకోవడం నా దృష్టిలో బుద్ధితక్కువ బేరం.

పల్లీ ఎలర్జీ పాశ్చాత్య దేశాల్లో ఎందుకు పెరిగిందన్నదానికి పురుగులు లేకపోవడం కంటే గట్టి జవాబు వేరే ఉంది. లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద చేసిన పరీక్ష 2015లో వచ్చింది. ఏడాదిలోపే పల్లీ తినడం మొదలుపెట్టిన పిల్లల్లో పల్లీ ఎలర్జీ సుమారు ఎనభై శాతం తగ్గింది. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆసియా సంతతి పిల్లలకి గింజల ఎలర్జీ, ఆసియాలో పుట్టి అక్కడికి వెళ్ళిన పిల్లలకంటే ఎక్కువ. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్ళు "ఇండియాలో మాకు ఎవరికీ లేదే, మా పాపకే ఎందుకు" అని అడుగుతుంటారు. మట్టి, ఎండ, తిండి మొదలుపెట్టే వయసు, ఇంట్లో జనం, అన్నీ మారిపోయాయి. అందులో పురుగు ఒక్కదాన్నే పట్టుకుని లాగడం సరికాదు.

ఒక పరాన్నజీవి కొత్తగా తిండి ఎలర్జీ పుట్టించడం అనేదానికి తిరుగులేని ఉదాహరణ కావాలంటే మాత్రం ఉంది. అది కడుపులో పురుగు కాదు, ఒంటి మీద పట్టే పిడుదు.

మా మేనల్లుడు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాడు. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్. శనివారం రాత్రి ఎనిమిదింటికి స్నేహితులింట్లో మటన్ బిర్యానీ తిన్నాడు, ఒంటిగంటకి అరచేతులు మండుతూ మెలకువొచ్చింది, చూస్తే ఒళ్ళంతా దద్దుర్లు, కడుపు మెలిపెట్టే నొప్పి. అంతకుముందు కూడా రెండుసార్లు ఇలాగే అయిందట. జీడిపప్పు అనుకుని మానేశాడు, తర్వాత బిర్యానీ మసాలా బ్రాండు మార్చాడు. "చికెన్ తిన్న రాత్రి ఎప్పుడైనా వచ్చిందా?" అన్నాను. లేదన్నాడు. "అడవుల్లో నడకలకి వెళ్తావా?" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. వేసవిలో ట్రెకింగ్‌కి వెళ్ళొచ్చాక చీలమండల చుట్టూ రవ్వ గింజలంత పిడుదులు పది పన్నెండు పీకేసుకున్నాడట, నెలరోజులు దురదపెట్టిందట. ఆల్ఫా-గాల్ పరీక్ష చేయించుకోమన్నాను. పాజిటివ్ వచ్చింది.

ఆల్ఫా-గాల్ అనేది ఆవు, మేక, గొర్రె, పంది వంటి జంతువుల ఒంట్లో ఉండే చక్కెర. మనుషుల్లో లేదు. అమెరికాలో లోన్‌స్టార్ పిడుదు కుట్టినప్పుడు దాని లాలాజలం ద్వారా ఆ చక్కెర మీద ఐజీఈ తయారవుతుంది. తర్వాత మాంసం తింటే మూడు నుంచి ఆరు గంటలకి ఎలర్జీ వస్తుంది. కొవ్వుతో పాటు నెమ్మదిగా రక్తంలోకి చేరడం ఆ ఆలస్యానికి కారణమంటారు. ఆస్ట్రేలియాలో షెరిల్ వాన్ నూనెన్ తన రోగుల్లో మాంసం ఎలర్జీ ఉన్నవాళ్ళకి ఇంచుమించు అందరికీ పిడుదులు కుట్టిన చరిత్ర ఉందని గమనించింది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం, ఒక క్యాన్సర్ మందుకి కొన్ని రాష్ట్రాల రోగులే ఎందుకు కుప్పకూలుతున్నారని వెతుకుతూ 2008లో ఇదే చక్కెర దగ్గరికి వచ్చింది. ఆయనకే పిడుదులు కుట్టి, తర్వాత గొర్రె మాంసం తిన్న రాత్రి దద్దుర్లు రావడం ఈ కథలో విచిత్రం. 2010 నుంచి అమెరికాలో నాలుగున్నర లక్షల మంది దాకా దీని బారిన పడి ఉండవచ్చని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2023లో అంచనా వేసింది. ఆ రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్ళు రాత్రి మటన్, పాయా, తలకాయ కూర తిని అర్ధరాత్రి లేస్తుంటే మసాలాని తిట్టుకోకుండా ఇది గుర్తుపెట్టుకోండి. కోడి, చేప తినొచ్చు. కొందరికి పాలూ జెలటిన్ క్యాప్సూళ్ళూ కూడా పడవు.

చేపలో కూడా అనిసాకిస్ అనే పురుగు ఉంటుంది. పచ్చి చేప తినే జపాన్‌లో, వెనిగర్‌లో నానబెట్టిన నెత్తళ్ళు తినే స్పెయిన్‌లో దాని వల్ల దద్దుర్లు ఎక్కువ. చేప ఎలర్జీ అనుకున్నది చేపలోని పురుగు ఎలర్జీ అని తేలిన కేసులు జపాన్ నుంచి 1990లోనే వచ్చాయి. మన చేపల పులుసు మరుగుకి అది బతకదు. దాని ప్రోటీన్లు కొన్ని వేడికి చెడవు, అయినా ఉడికిన పులుసుతో ఇబ్బంది పడేవాళ్ళు అరుదు. సుషీ అలవాటైనవాళ్ళు సరిగ్గా గడ్డకట్టించిన చేపేనా అని అడిగి తినండి.

పోయేముందు ఒక హెచ్చరిక. ఈసినోఫిల్స్ పెరిగి, దద్దుర్లు వస్తుంటే "ఎలర్జీ" అని వారాల తరబడి స్టెరాయిడ్ బిళ్ళలు వాడేస్తుంటారు, ముఖ్యంగా పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే పెద్దవాళ్ళకి. స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు ఒంట్లోనే పిల్లల్ని పెంచుకుంటూ దశాబ్దాలు ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలు మార్గం పనికి తోలిన బందీ సైనికుల్లో అది నలభై ఏళ్ళ తర్వాత కూడా దొరికింది. స్టెరాయిడ్ పడితే అది ఒళ్ళంతా పాకి ప్రాణం తీస్తుంది. ఒక్క ఆల్బెండజోల్ బిళ్ళకి అది పోదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. మీ బాబుకి ఈ భయం లేదు, కానీ ఇంట్లో తాతగారెవరైనా అలా మందులు వాడుతుంటే ముందు పరీక్ష చేయించండి.

మీరిప్పుడు చేయవలసింది. మలం పరీక్ష, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. పురుగులుంటే మందు, లేకపోయినా బడిలో ఇచ్చే బిళ్ళ మామూలుగానే. ప్యానెల్ మళ్ళీ చేయించొద్దు. ఎలర్జీ స్పెషలిస్టు దగ్గర రొయ్యకీ, దుమ్ము పురుగుకీ చర్మపరీక్ష చాలు. పల్లీ విషయంలో మీకు భయం పోకపోతే ఆసుపత్రిలోనే, డాక్టరు ఎదురుగా, కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. ఇంట్లో ఆ ప్రయోగం వద్దు. మళ్ళీ ఎప్పుడైనా పెదాలు వాచడంతో పాటు దగ్గు, గొంతు మారడం, వాంతులు, మగత కనిపిస్తే సెట్రిజిన్ వేసి కూర్చోకండి. అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటి వైపు కండకి చేయాలి, వెంటనే. ఆటో ఇంజెక్టర్ మన మందుల షాపుల్లో సులభంగా దొరకదు కాబట్టి, బాబు బరువుకి సరిపడా డోసు రాయించుకుని, ఎలా చేయాలో డాక్టరు దగ్గరే మీరూ మీ వారూ ఇద్దరూ నేర్చుకోండి. బడిలో టీచరుకి కూడా ఒక కాగితం రాసివ్వండి.

చర్మపరీక్షకి వెళ్ళే ముందు సెట్రిజిన్ లాంటివి వారం రోజులు ఆపాలి, లేకపోతే చుక్క వేసినా చర్మం పలకదు. ఇంకో చిన్న సంగతి. ల్యాబ్ సీసాలో ఉండే రొయ్య రసం అన్నిసార్లూ మన చెరువు రొయ్యకి సరిపోలదు. మీరు కొనే రొయ్యే ఒకటి పచ్చిది, ఒకటి ఉడకబెట్టినది రెండు చిన్న డబ్బాల్లో వేసి, ఐస్ పెట్టి తీసుకెళ్ళండి. దాన్నే సూదితో గుచ్చి, అదే సూదితో బాబు చేతి మీద గుచ్చి చూస్తారు. డబ్బాలు బాబు చేతికి మాత్రం ఇవ్వకండి.